చప్పుడు లేని ఫ్యాను

కస్కజీ గాలి సముద్రం మీదికి వెళ్ళిపోయింది,
కూసీ గాలికి ఇంకా దారి తెలియలేదు.
ఈ రెంటి మధ్య పదిహేను రోజులు
మొంబాసా మూత పెట్టిన కుండ.
మా షాపుకి అదే కోతల కాలం,
ఏ అర్థంలో తీసుకున్నా సరే.

కప్పుకి పదకొండు ఫ్యాన్లు.
ఒక్కోదానికీ ఒక్కో పొగడ్త నా నోట్లో సిద్ధం.

వాళ్ళిద్దరూ లికోని నుంచి, ఫెర్రీ దిగి వచ్చారు.
ఆయన గోళ్ళలో ఎర్ర రంగు. పడవలకి పేర్లు రాస్తాడట.
ఆమె లెసో అంచుతో మెడ తుడుచుకుంటోంది.
"చప్పుడే ఉండదు," నా మొదటి బాణం ఎప్పుడూ అదే,
"తిరుగుతోందో లేదో తలెత్తి చూస్తే తప్ప తెలీదు,
పక్కన చీమ తుమ్మినా వినిపిస్తుంది..."
నా పెదాలు ఆగేదాకా ఆయన ఓపిగ్గా చూసి
తన చెవి మీద వేలు ఆనించి, అడ్డంగా ఊపాడు.
తర్వాత ఆమె చెవి మీద.
శంఖం సామెత నాలిక చివరిదాకా వచ్చింది.
మింగేశాను. గొంతులో ఇంకా గుచ్చుకుంటోంది.

బిల్లు పుస్తకం వెనక్కి తిప్పి పెన్ను ఇచ్చాను.
చెంగో, అని రాశాడు. కాడ్జో, అని ఆమె.
గది ఎంత, అని నేను.
షాపులోనే అడుగులేసి కొలిచాడు,
నాలుగు అటు, మూడున్నర ఇటు,
రైస్ కుక్కర్ల దొంతర కాసేపు వాళ్ళింటి గోడ అయ్యింది.
కప్పు ఎత్తు? చెయ్యి చాచి ఎగిరాడు.
అంత తక్కువ కప్పుకి పొడుగు కడ్డీ పనికిరాదు,
దోమతెర కొక్కెం ఎక్కడుందో కూడా చూసుకోవాలి.
ఇవన్నీ రాస్తుంటే నా దస్తూరీ చూసి నాకే సిగ్గేసింది.
నోటితో అయితే ఈపాటికి అమ్మేసేవాణ్ణి.

ఐదు రెక్కల బంగారు రంగుది వేశాను.
దాని కింద నిలబడి ధర సంగతి మాట్లాడుకోబోయారు.
పైన ట్యూబులైటు, మధ్యలో రెక్కలు.
ఆమె చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.
మాట ముక్కలవుతోంది, అని రాసింది.
అప్పుడు చూశాను:
ఒక వేలు మూడు వేళ్ళై,
చెయ్యి వెళ్ళిపోయిన చోట ఇంకా చెయ్యి మిగిలి,
సగం వాక్యం వెలుగులో, సగం నీడలో.
పన్నెండేళ్ళుగా ఫ్యాన్లు అమ్ముతున్నాను,
రెక్క వెలుతుర్ని కూడా తరుగుతుందని
ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.

లైటు గోడకి మార్చుకుంటాం, తలుపు పక్కకి,
అని కాడ్జో లెక్క వేసింది:
వైరు నాలుగు మీటర్లు, హోల్డరు ఒకటి.
ఇక ఫ్యాను.
చెంగో ఒక్కోటీ వేయించుకుని
స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
వద్దు. వద్దు. ఇదీ వద్దు.
నా గొప్ప నిశ్శబ్దాలన్నీ వరసగా ఓడిపోయాయి.

చివర, దుమ్ము పట్టిన గోధుమ రంగు మూడు రెక్కలది.
రెండుసార్లు అమ్మాను, రెండుసార్లూ తిరిగొచ్చింది,
రాత్రంతా గుర్రుమంటుందని.
నిజం దాచలేదు, కాగితం మీద తేనెటీగ బొమ్మ వేశాను.
అప్పటికే అది ఆయన అరచేతిలో గుర్రుమంటోంది.
ఆమె చెయ్యి లాక్కుని స్తంభానికి ఆనించాడు.
ఇద్దరూ కాసేపు అలా,
దానికి జ్వరం చూస్తున్నట్టు.
మంచం గోడకే ఆనుకుని ఉంటుంది, అని రాశాడు,
కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది
కరెంటు ఉందో పోయిందో.
ఆమె నా తేనెటీగకి రెండు రెక్కలు తక్కువున్నాయని
దిద్ది ఇచ్చింది.

సగం ధరకి ఇచ్చాను. దయతో కాదు,
పీడ వదిలిందనే.
ఆ ముక్క మాత్రం రాయలేదు.

వెళ్తూ వెళ్తూ ఒక మాట నేర్పారు: గాలి.
రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు వదులుగా, ముఖం వైపు ఊపాలి.
నేనన్నది కోళ్ళని తోలినట్టుందని ఆమె తెగ నవ్వింది.

ఇప్పుడు కరెంటు పోయి పది ఫ్యాన్లూ ఆగిపోయినప్పుడు,
బేరానికొచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ
నా మొహం చూస్తున్నప్పుడు,
ఆ మాట అంటూ ఉంటాను.
అన్నంతసేపూ
కొంచెం వస్తుంది.